టాన్నర్‌కి బదులు

టాన్నర్‌ని వేరే జట్టుకి ఇచ్చేశారన్న సంగతి నాకు టాన్నరే చెప్పాడు. బుధవారం ప్రాక్టీసు నుంచి మామూలు కన్నా ముందే వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోర్నమ్మా, నన్ను డన్‌వెల్‌కి ఇచ్చేశారు."

"ఎప్పుడు వెళ్ళాలి?"

"ఇప్పుడే. రాత్రికి అక్కడ ప్రాక్టీసుంది."

మా ఆస్టర్ లేక్‌లో లింక్స్ జట్టు కుర్రాళ్ళంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటారు. ఎక్కడెక్కడి నుంచో మంచు మీద హాకీ ఆడడానికి వస్తారు, ఇంకా మీసాలు సరిగ్గా రాని పిల్లలు. మేం గది ఇస్తాం, వండిపెడతాం, ఓడిన రోజు నోరు మూసుకుంటాం. బిల్లెట్ అమ్మలంటారు మమ్మల్ని. జనవరి పదో తేదీ దాటితే జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి కుదరదు. అందుకని ఆ వారమంతా ఫోను మోగితే చాలు, బిల్లెట్ అమ్మలు ఉలిక్కిపడుతుంటారు.

టాన్నర్ మా ఇంట్లో రెండేళ్ళకు పైగా ఉన్నాడు. దుప్పట్లు తనే తీసి మడత పెట్టి మంచం చివర ఉంచాడు. పాత పంచాంగం ప్రకారం మా క్రిస్మస్ జనవరి ఏడో తేదీన వస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో కాబేజీ చుట్టలు ఇంకా మిగిలి ఉన్నాయి. డబ్బాలో పెట్టి ఇచ్చాను. మా ఆయన ఓరెస్ట్ ఇంటికి వచ్చేసరికి కారు చక్రాల గుర్తుల మీద కొత్త మంచు పడుతోంది.

ఓరెస్ట్‌కి అప్పటికే అన్నీ తెలుసు. టాన్నర్‌కి బదులుగా డన్‌వెల్ నుంచి రీస్ ఫాంటెయిన్ అనే అబ్బాయి వస్తున్నాడు. వాడూ వెనక కాసే డిఫెన్స్ ఆటగాడే. మనిషికి మనిషి, పైన ఇంకేమీ లేదు.

"మైనస్ పంతొమ్మిది, లోర్నా!" అన్నాడు కోటు కూడా విప్పకుండా. "వాడు మంచు మీద ఉన్నప్పుడు జట్టు వేసిన గోల్స్ కన్నా పడ్డవి పంతొమ్మిది ఎక్కువ. అలాంటివాడి కోసం టాన్నర్‌ని ఇస్తారా ఎవరైనా? కళ్ళున్నవాళ్ళు?"

టాన్నర్ గది తలుపు తెరిచే ఉంది. అటు చూడకుండా ఉల్లిపాయలు తరుగుతున్నాను.

ఓరెస్ట్ నేలమాళిగలోకి వెళ్ళి రేడియోకి ఫోన్ చేశాడు. సాయంత్రం పూట మా స్థానిక స్టేషన్‌లో హాకీ మీద జనం ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం ఒకటుంది. మిగతా విషయాల్లో నోరు విప్పని మనిషి, అక్కడ మాత్రం ఊరు దద్దరిల్లేలా మాట్లాడతాడు. వంటింట్లో ఉన్న రేడియోలోంచి, మెట్ల కింద నుంచి, రెండు వైపుల నుంచీ ఆయన గొంతే వినిపించింది నాకు.

"గోడనిచ్చి కిటికీ తెచ్చుకున్నారండీ మనవాళ్ళు! అదీ రెక్కలు ఊడిన కిటికీ!"

రేడియోలో కార్యక్రమం నడిపే ఆయన పకపకా నవ్వాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. కుర్రాళ్ళకు ఇళ్ళు చూసిపెట్టే డార్సీ.

"లోర్నా, మీ గది ఖాళీ అయింది కదా. ఆ కొత్త అబ్బాయి దార్లో ఉన్నాడు. భోజనం వేళకి వచ్చేస్తాడు. కాదనకమ్మా, వేరే ఎక్కడా చోటు లేదు."

సరేనన్నాను. ఆ గదిని రెండు రోజులైనా అలా ఖాళీగా ఉంచుకుందామనుకున్నాను. ఆ మాట డార్సీకి చెప్పేది కాదు.

ఓరెస్ట్ ఉత్సాహంగా పైకి వచ్చాడు. "విన్నావా?"

"విన్నాను. ఆ అబ్బాయి మనింటికే వస్తున్నాడు."

ఆయన ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలా నిలబడిపోయాడు. తర్వాత, "ఈ కాలం పిల్లలు రేడియో ఎక్కడ వింటారులే," అన్నాడు.

రీస్ పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. గుమ్మంలో బూట్లు విప్పి పక్కపక్కన సర్దిపెట్టాడు. టాన్నర్ కుర్చీలో కూర్చోబెట్టాను. బంగాళదుంప కూరిన పెరోహీలు, వేయించిన ఉల్లిపాయలు, సాసేజి వడ్డించాను. ఓరెస్ట్ గొంతు సవరించుకుని, "రోడ్డెలా ఉంది బాబూ?" అన్నాడు.

రీస్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. తల ఎత్తి ఆయన వంక చూశాడు.

"గాలికి మంచు లేస్తోందండీ. రోడ్డు సంగతి చెబుతారేమోనని, నన్ను దింపినాయన కార్లో ఇక్కడి స్టేషన్ పెట్టారు." ఫోర్కు కింద పెట్టాడు. "కిటికీని నేనేనండీ."

ఓరెస్ట్ మెడ నుంచి ఎర్రబడుతూ వచ్చి, మీగడ గిన్నె వాడి వైపు తోశాడు.

"అది హాకీ మాట బాబూ. మనిషిని అన్న మాట కాదు."

"తెలుసండీ. అంకె చూస్తే మీరన్నదాంట్లో తప్పు కూడా లేదు."

వాడు ఎదురు తిరిగినా ఓరెస్ట్ తట్టుకునేవాడు. అంత మర్యాదగా ఒప్పుకునేసరికి మళ్ళీ వడ్డించుకోకుండానే లేచిపోయాడు.

నేను కడిగిన పళ్ళేలు రీస్ తుడుస్తూ అన్నాడు, "నాకోసం ఆదివారం దాటాక ఏమీ తేకండి. నాన్న వస్తున్నారు. ఇంటికి వెళ్ళిపోతున్నాను."

"సెలవు మీదా?"

"కాదండీ. మానేస్తున్నాను. ఈ సీజన్‌లో ఇది మూడో జట్టు, మూడో ఇల్లు. స్పూన్లు ఏ సొరుగులో ఉన్నాయో తెలిసేసరికి పంపించేస్తున్నారు. మా ఊళ్ళో గనిలో పని ఉంది. నాన్న మాట్లాడి పెట్టారు."

వాడిది ఉత్తర మనిటోబాలో గనుల ఊరు. సీజన్ మధ్యలో వెళ్ళిపోతే ఆటగాడిపై వేటు పడుతుందని, ఆపైన ఏ జట్టూ తీసుకోదని నాకు తెలుసు. వాడికి నాకన్నా బాగా తెలుసు.

"శుక్రవారం మ్యాచ్ ఆడతాను. కోచ్‌కి మాటిచ్చాను," అని తుడిచిన పళ్ళెం గట్టు మీదే పెట్టాడు. ఏ అలమారలో పెట్టాలో అడగలేదు.

ఆ రాత్రే ఓరెస్ట్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు పక్క మీద కదులుతూనే ఉన్నాడు.

శుక్రవారం మంచు మైదానం నిండిపోయింది. అంతమంది వచ్చింది మ్యాచ్ చూడడానికి కాదు, మార్పిడిలో మునిగామా లేదా తేల్చుకోవడానికి. రీస్‌ని టాన్నర్ ఆడే చోటే, టాన్నర్ జతగాడి పక్కనే దింపారు. మొదటి గోల్ అప్పుడు పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, వాడి కర్ర కింద నుంచే జారిపోయింది. రెండోది పడ్డప్పుడు మా వెనక వరుసలో ఎవరో అరిచారు.

"ఆ కిటికీ ఎవరైనా మూయండ్రా! చలేస్తోంది!"

చుట్టూ అంతా నవ్వారు. ఓరెస్ట్ మాట అప్పుడే ఊరి మాట అయిపోయిందన్నమాట. ఆయన మాత్రం తన బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

శనివారం పొద్దున్నే డన్‌వెల్ నుంచి ఫోన్ వచ్చింది. షెర్రీ అట, రీస్‌కి అక్కడి బిల్లెట్ అమ్మ. ఇప్పుడు టాన్నర్ ఆమె ఇంట్లోనే ఉన్నాడు. ఇలా కుర్రాళ్ళు మారినప్పుడు అమ్మలు ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం మాలో మామూలే.

"మీవాడు తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడేంటండీ?" అంది.

"రెండేళ్ళు చెప్పి చెప్పి నేను ఓడిపోయాను. మీరేమైనా మాన్పిస్తే చెప్పండి. వాడు పుట్టగొడుగులు తినడు. ముక్క కనపడినా పళ్ళెం పక్కకి పెట్టేస్తాడు."

"అయ్యో! రీస్‌కేమో అవంటే ప్రాణం. గిన్నెడు చేసినా వాడికే చాలవు. చేశారా మీరు?"

చెయ్యలేదన్నాను. మూడు రోజుల నుంచీ నేను చేసిన ఏ వంటలోనూ పుట్టగొడుగులు లేవు. ఎందుకు లేవో షెర్రీకి చెప్పలేదు.

"మా ఆడపిల్లలిద్దర్నీ బడికి చెయ్యి పట్టుకుని దింపేవాడండీ. చిన్నది నిన్న కూడా వాడి కోసం కిటికీ దగ్గరే కూర్చుంది. టీవీలో వీళ్ళెవరో డన్‌వెల్ బాగుపడింది అంటున్నారు. మా ఇంటికొచ్చి చెప్పమనండి ఆ మాట."

"మీకొచ్చింది ఎవరనుకుంటున్నారు? టాన్నర్ లాంటి పిల్లాడు వెతికినా దొరకడు."

"రీస్ దొరుకుతాడా మరి?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు కాస్త సిగ్గేసింది. ఆమె తన పిల్లాణ్ణి మెచ్చుకుంది, నేను నా పిల్లాణ్ణి. కానీ ఇప్పుడు నా ఇంట్లో ఉన్నది ఆమె మెచ్చుకున్న పిల్లాడు.

ఆ రోజు మైదానం క్యాంటీన్‌లో వంట నా వంతు. పొద్దున ప్రాక్టీసు అవగానే అక్కడికే వచ్చి గుడ్లు తినమని రీస్‌కి చెప్పి వెళ్ళాను.

క్యాంటీన్‌లో పొయ్యికి దగ్గరగా ఒక పొడుగు బల్ల ఉంది. ఏళ్ళ తరబడి ఊళ్ళో పెద్దమనుషులు పొద్దున కాఫీకి అక్కడే చేరతారు. వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఆ రోజు ఓరెస్ట్ కాక ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన గస్, ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాడు. అవతలివాడు ఔనంటే కాదనడం ఆయనకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ఇంకొకాయన మెల్విన్, వయసులో ఉన్నప్పుడు డిఫెన్స్ ఆడినవాడు. ముందు పళ్ళు నాలుగూ ఆటలోనే పోయాయి. తక్కువ మాట్లాడతాడు.

రీస్ లోపలికి రాగానే బల్ల దగ్గర మాటలు తెగిపోయాయి.

"ఇప్పటిదాకా నీ గురించేనయ్యా," అన్నాడు గస్.

"తెలుసండీ. బయటికే వినిపిస్తోంది." రీస్ నా దగ్గర పళ్ళెం తీసుకుని, ఇంకెక్కడా కూర్చోకుండా నేరుగా వెళ్ళి ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. "ఎక్కడిదాకా వచ్చారు?"

"మనం మునిగామా లేదా అన్న దగ్గరే ఉన్నాం."

"మునిగారండీ," అన్నాడు రీస్, గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకుంటూ. "టాన్నర్‌కి రెండేళ్ళుగా ఎదురుగా ఆడుతున్నాను. వాడు షాట్‌కి అడ్డంగా పడుకుంటాడు, నేను పడుకోను. వాడు పక్ పోగొట్టడు, నేను పోగొడతాను. మీ మేనేజర్ చోట నేనుంటే ఈ మార్పిడి చేసేవాణ్ణి కాదు."

ఆ బల్ల దగ్గరికి వచ్చి ఎదురాడకుండా ఒప్పేసుకున్న మొదటి మనిషి వాడే అయ్యుంటాడు. ముందుగా తట్టుకోలేకపోయింది గస్.

"అంత తేలిగ్గా తేల్చేస్తావేమయ్యా? టాన్నర్ వెనక్కి తిరగడం చూశావా ఎప్పుడైనా? బురదలో ట్రాక్టరు తిరిగినట్టుంటుంది."

"టాన్నర్‌ని ఏమీ అనకు గస్," అన్నాడు ఓరెస్ట్.

"ఏం, నీ ఇంట్లో తిన్నంత మాత్రాన స్కేటింగ్ వచ్చేస్తుందా?"

"వీడన్నది నిజమే కదా, షాట్లకి అడ్డం పడేది వాడేగా?"

"పడతాడు. లేవడానికి మాత్రం రెండు రోజులు!"

మెల్విన్ ఈ గోలంతా పట్టించుకోకుండా ఉప్పు సీసా, మిరియాల సీసా పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. చివరికి రీస్‌ని అడిగాడు.

"నువ్వు కర్ర కుడివాటం పడతావు కదూ?"

"అవునండీ."

"నిన్న ఎడమవైపు ఎందుకాడావు?"

"టాన్నర్ అటే ఆడేవాడటండీ."

"వాడు ఎడమవాటం."

"అవునండీ."

"డన్‌వెల్‌లో ఎటు?"

"అక్కడా ఎడమే. కుడివైపు ముందు నుంచీ ఇద్దరున్నారు."

మెల్విన్ మిరియాల సీసాని బల్ల అంచు వెంబడి జరిపాడు. "మంచు చుట్టూ ఉన్న గోడ వెంబడి పక్ వచ్చినప్పుడల్లా నువ్వు కర్రని వెనక్కి తిప్పి, వీపు అవతలివాడికి ఇచ్చి అందుకోవాలి. నిన్న పోయిన రెండూ అలా పోయినవే. నేను చూశాను." పళ్ళు లేని సందులోంచి గాలి ఊదాడు. "ఆ పంతొమ్మిది నీ ఒక్కడిదే కాదురా అబ్బాయ్."

"మంచు మీదున్నది నేనే కదండీ. నాదే."

ఆ మాటకి గస్ కూడా కాఫీ కప్పు దించాడు.

"కోచ్‌కి చెప్పావా?" అన్నాడు మెల్విన్.

"కొత్తగా వచ్చినవాణ్ణి. అదీ రేపు వెళ్ళిపోయేవాణ్ణి. ఏమని చెప్పను?"

వెళ్ళిపోతున్నాడన్న సంగతి బల్ల దగ్గర మిగతావాళ్ళకి తెలియదు. ఓరెస్ట్‌కి తెలుసు గానీ అనలేదు. ఇప్పుడు మాత్రం ఆగలేకపోయాడు.

"నువ్వు రేపు వెళ్ళిపోతే టాన్నర్‌ని ఉత్తపుణ్యానికి ఇచ్చినట్టవుతుంది. మార్పిడిలో అసలైన అన్యాయం అదీ!"

"ఓరెస్ట్!" అన్నాను. చేతిలో గరిట అలాగే పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేశాను. "ఆ బరువు వాడి నెత్తిన పెట్టకు. టాన్నర్‌ని ఇచ్చింది వాడు కాదు, తనని తెచ్చుకోమన్నదీ వాడు కాదు. మీ లెక్క సరిపోవడం కోసం వాడు ఈ ఊళ్ళో ఉండక్కర్లేదు."

నేను రీస్ వైపు తిరిగాను.

"వెళ్ళాలనుకుంటే వెళ్ళు. గనిలో పనేమీ తక్కువది కాదు. కానీ నీ వైపు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, నాకు ఆట రాదు అని మాత్రం తేల్చుకుని వెళ్ళకు. నీకు ఇక్కడ ఇంకా చోటివ్వలేదు ఎవరూ. కోచ్ టాన్నర్ చోటిచ్చాడు. నేనూ అంతే. వచ్చినప్పటి నుంచీ టాన్నర్‌కే వండుతున్నాను. నీకు పుట్టగొడుగులిష్టమని పొద్దున షెర్రీ చెబితే గానీ తెలియలేదు."

"షెర్రీ ఫోన్ చేశారా?" అన్నాడు రీస్. వచ్చినప్పటి నుంచి వాడి గొంతు అలా మారడం అదే మొదటిసారి. "పిల్లలెలా ఉన్నారట?"

"చిన్నది నీకోసం చూస్తోందట."

వాడు పళ్ళెంలోకి తల దించుకున్నాడు. పెద్దవాళ్ళు ముగ్గురూ ఒక్కసారిగా కాఫీలు తాగడం మొదలుపెట్టారు.

కప్పు కింద పెట్టి ఓరెస్ట్ మెల్లగా అన్నాడు, "టాన్నర్‌కి ఎదురు ఆడానన్నావు, ఇక్కడికీ వచ్చే ఉంటావు. నాకు గుర్తే లేదు బాబూ. నిన్ను చూసి అన్న మాట కాదది. అంకె చూసి అన్నాను. అంత పెద్ద నోరుతో అనకుండా ఉండాల్సింది."

"నిన్న చూశారు కదండీ."

"నిన్న చూసింది టాన్నర్ చోట నిన్ను. ఇంకా నిన్ను చూడలేదు."

మెల్విన్ ఎదురుగా ఉన్న తలుపు వైపు గడ్డం ఎగరేశాడు. "కోచ్ గదిలోనే ఉన్నాడు. ఇప్పుడే బూట్లు మార్చుకుంటూ కనిపించాడు."

రీస్ మిగిలిన గుడ్డు నింపాదిగా తిన్నాడు. పళ్ళెం తెచ్చి నాకిచ్చి, చేతులు తుడుచుకుని ఆ తలుపు తట్టాడు. వాడు లోపలున్నంతసేపూ గస్, ఓరెస్ట్ టాన్నర్ తిరగడం గురించే మళ్ళీ కొట్టుకున్నారు గానీ, ఇద్దరి కళ్ళూ ఆ తలుపు మీదే ఉన్నాయి.

"మంగళవారం కుడివైపట," అన్నాడు రీస్ బయటికొచ్చి. "ఒక్క ప్రాక్టీసుకే జంటలన్నీ చెదరగొట్టడమెందుకని టాన్నర్ చోట వేశారట. నువ్వైనా అడగొచ్చు కదా అన్నారు."

మంగళవారం అన్నాడు. ఆదివారం సంగతి ఎవరం అడగలేదు. గస్ అడగబోయాడు, మెల్విన్ బల్ల కింద కాలు తొక్కాడు.

ఆదివారం మధ్యాహ్నానికి వాళ్ళ నాన్న లియో వచ్చాడు. చీకటితో బయల్దేరాడట. గనిలో పనిచేసే మనిషి, అరచేతులు ఎంత కడుక్కున్నా గీతలు నల్లగానే ఉన్నాయి. నేను పుట్టగొడుగులు మీగడలో వేసి పెద్ద గిన్నె నిండా చేశాను. రీస్ మూడోసారి వడ్డించుకుంటుంటే లియో అడిగాడు.

"సర్దుకున్నావా?"

రీస్ రొట్టెముక్కతో పళ్ళెం తుడిచాడు. "నాన్నా, మంగళవారం మ్యాచ్ ఉంది."

"మంగళవారం నాకు డ్యూటీ. మళ్ళీ ఇంత దూరం రాలేనురా."

"రావద్దులే. కుడివైపు ఆడిస్తామన్నారు. ఎలా ఉంటుందో చూస్తాను."

లియో కొడుకు ముఖంలోకి చూశాడు. అంత దూరం ఖాళీ కారుతో వెనక్కి వెళ్ళాల్సిన మనిషి. కోప్పడతాడేమోననుకున్నాను. కానీ నా వైపు తిరిగి, "మీకేమీ ఇబ్బంది లేదు కదమ్మా?" అన్నాడు.

"ఇబ్బందేముంది. బాగా తింటాడు. వండేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?"

"సరే అయితే. చూసుకో," అన్నాడు కొడుకుతో. అన్నాక భుజాలు కొంచెం కిందికి దిగాయి.

రీస్ చేతులు కడుక్కుని ముందు గదిలో సోఫా మీద కూర్చున్నాడు. నేను కాఫీ పోశాను. లియో కప్పు అందుకుని ఓరెస్ట్ వైపు వంగాడు.

"ఒకటి చెప్పనా? ఆ డన్‌వెల్ వాళ్ళకి బుర్ర లేదు. మీవాళ్ళు తెలివైనవాళ్ళు. పట్టపగలు దోచుకున్నారు వాళ్ళని."

ఓరెస్ట్ తల ఊపుదామనే అనుకున్నాడు. నేను చూశాను, మెడ అటే కదిలింది కూడా. కానీ ఆయన వల్ల కాలేదు.

"దోచుకోవడమా? టాన్నర్ అంటే ఎవరనుకుంటున్నారు మీరు? షాట్ వస్తే గోడలా..."

"గోడకి కాళ్ళుంటాయా? మా వాడు పక్ పట్టుకుని కదిలితే ఎవరైనా అందుకోగలరా?"

"అందుకోనక్కర్లేదండీ, తనే ఇచ్చేస్తాడుగా!"

లియో బల్ల మీద చరిచాడు. నేను ముందు గదిలోకి తొంగి చూశాను. రీస్ సోఫా చేతి మీద తల వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. మా ఇంటికి వచ్చాక వాడు పగలు కళ్ళు మూయడం నేను చూడలేదు.

"మెల్లగా," అన్నాను ఇద్దరితో. "పడుకున్నాడు."

ఇద్దరూ గొంతులు తగ్గించారు. వాదన మాత్రం తగ్గించలేదు.